మెరుపు, పెద్దన్న, విమల గారి అంచనా

ఎండకు కారు తలుపు పట్టుకోవడానికి కూడా వీల్లేని మధ్యాహ్నం. దోహాలోని ఒక మాల్‌లో ఐస్ రింకు పక్కగా నడుస్తుంటే చల్లగాలి మొహాన కొట్టింది. అందులో తడి రబ్బరు వాసన, చెమట పట్టిన చేతితొడుగుల వాసన. లోపల పిల్లలు హాకీ కర్రలతో నల్లటి రబ్బరు బిళ్ళను గోడకేసి కొడుతున్నారు. ఆ చప్పుడుకు అందరికీ ఆటగాళ్ళు గుర్తుకొస్తారేమో, నాకు విమల గారు గుర్తుకొస్తారు. ఆవిడ జన్మలో స్కేట్లు తొడిగి ఎరగరు.

కొన్నేళ్ళ కిందటి మాట. ఇదే ఊళ్ళో అల్ సద్ ప్రాంతంలోని మా ఆఫీసు పని, గణాంకాలతో ఆటగాళ్ళకు విలువ కట్టడం. కాకినాడ నుంచి వచ్చి, గణాంకశాస్త్రం చదువుకున్న విమల గారు మా విభాగానికి అధికారి. నేను అప్పటికే హేతువాద వ్యాసాలు రాస్తుండేవాణ్ణి. గొంతు పెంచితే వాదం గెలిచినట్టేనని నమ్మేవాణ్ణి.

మా ముఖ్యమైన క్లయింట్ ఒక చలిదేశపు ఐస్ హాకీ జట్టు. ఆ ఆటలో జట్లు ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకుంటాయి. వీళ్ళు తమ ఫార్వర్డ్ ఒకణ్ణి ఇచ్చి, ఎదుటి జట్టు ఫార్వర్డ్‌ను తెచ్చుకోవాలనుకున్నారు. ఇచ్చేవాడు వయసు మీరినవాడు, మూలల్లో కుమ్ములాడి బిళ్ళను గుంజుకొచ్చి పక్కవాడికి అందించేవాడు. మేం వాణ్ణి పెద్దన్న అనేవాళ్ళం. తెచ్చుకోవాలనుకున్న కుర్రాడు వరసగా గోల్స్ కొడుతున్నాడు, వాడు మెరుపు. క్లయింట్ మనసు మెరుపు మీదే ఉందని అందరికీ తెలుసు. మా ఒప్పందం పొడిగింపు కూడా ఆ ఏడే. అది పోతే మా విభాగం మూతపడుతుంది. విమల గారి వీసా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. వాళ్ళమ్మాయి పదకొండో తరగతి, పన్నెండు కూడా ఇక్కడే పూర్తిచేయాలని తల్లీకూతుళ్ళ ఆశ.

ఒకరోజు టీ వేళకు అకౌంట్స్ చూసే చక్రపాణి గారు నవ్వుకుంటూ వచ్చారు. ఆయనది వరంగల్. ఇద్దరు ఆటగాళ్ళ పుట్టినరోజులూ నెట్‌లో పట్టి జాతకాలు వేశారట.

“మేడం, మీ పెద్దన్నకు ఏలినాటి శని నడుస్తున్నది. యల్లా, జల్ది ఇచ్చెయ్యుండ్రి వాణ్ణి.”

నేను భగ్గుమన్నాను. “మంచు మీద ఆడేవాడికి కూడా శనేనా? సిగ్గుండక్కర్లేదూ?”

“అరె, గరమైతవేంది తమ్మీ! శనికి ఎండైతేంది, మంచైతేంది?”

ఆయన వెళ్ళాక విమల గారు నా వైపు తిరిగారు. “కేకలేస్తే ఆయన తప్పని తేలిపోద్దా అబ్బాయ్? సరే, పెద్దన్నే మేలని నువ్వూ లెక్క గట్టావు కదా. ఏం జరిగితే నీ లెక్క తప్పని ఒప్పుకుంటావో చెప్పు.”

“తప్పదు మేడం,” అన్నాను. నా లెక్క తప్పే అవకాశాన్ని నేను ఊహించనే లేదు.

“మరైతే నువ్వేసిందీ జాతకమే,” అన్నారావిడ, కప్పు కింద పెడుతూ.

ఆవిడ పద్ధతి వేరు. మెరుపు గోల్స్‌లో చాలావరకు ఎదుటి జట్టు ఆటగాడు శిక్షపడి బయట కూర్చున్నప్పుడు వచ్చినవి. మిగతావి పక్కన ఆడే గొప్ప ఆటగాడు అందించినవి. ఆ తోడు నుంచి విడదీస్తే వాడు సగానికి పడిపోతాడని, మార్పిడి వద్దని ఆవిడ క్లయింట్‌కు పంపే నివేదికలో రాశారు. దాని కిందే మరో వాక్యం చేర్చారు: సగం సీజన్ గడిచేసరికి, మామూలు తోడుతో, రెండు వైపులా సమానంగా ఆటగాళ్ళున్నప్పుడు కూడా మెరుపు ఇలాగే గోల్స్ చేస్తుంటే నా అంచనా తప్పు.

“ఆ వాక్యం తీసేయండి మేడం. మనమే వాళ్ళ చేతికి కత్తి ఇస్తున్నాం,” అన్నాను.

“కత్తి ఇవ్వకపోతే మన మాట ఎందుకు నమ్ముతార్రా?”

క్లయింట్ నమ్మలేదు. మార్పిడి చేసేసుకున్నారు. సగం సీజన్ గడిచేసరికి మెరుపు, పక్కన సాదాసీదా ఆటగాళ్ళే ఉన్నా, ఎదుట పూర్తి జట్టు ఉన్నా, ఎప్పటిలాగే గోల్స్ కొడుతున్నాడు. నేను మా తరఫున సాకులు పోగుచేశాను. వాడు ఎదుర్కొన్న గోల్‌కీపర్లు బలహీనులు, తక్కిన సగంలో చూడాలి. అవన్నీ అబద్ధాలు కావు. విమల గారు ఓపిగ్గా విన్నారు.

“ఇవి ముందే చెప్పామా?”

“లేదు.”

“మరిప్పుడెందుకు?”

ఆ సాయంత్రమే క్లయింట్‌కు ఫోన్ చేసి, తన అంచనా తప్పిందని రెండు ముక్కల్లో చెప్పేశారు. సీజన్ చివర వాళ్ళు ఒప్పందం పొడిగించలేదు. కారణం చెప్పలేదు, ఆవిడ అడగలేదు. విభాగం మూతపడింది. నన్ను వేరే పనికి మార్చారు. ఆవిడకు సరిపడే పని ఆఫీసులో లేదన్నారు.

ఫరీజ్ బిన్ మహమూద్‌లోని ఒక చిన్న హోటల్లో వీడ్కోలు బిర్యానీ తిన్నాం. చక్రపాణి గారికి నిజంగానే బాధగా ఉంది, అయినా ఉండబట్టలేకపోయారు. “నేను జెప్పలే మేడం, ఇచ్చెయ్యుండ్రని?”

నేను నోరు తెరవబోతే విమల గారు చేత్తో ఆపారు. “చెప్పారు చక్రపాణి గారూ. మరి మెరుపు ఆడకపోయుంటే ఏమనేవారు?”

ఆయన నిజాయితీగా ఆలోచించారు. “పోరనికి శాంతి జేపియ్యలేదు, గందుకే అనేటోణ్ణి.”

“అంటే మీరు ఎలాగైనా తప్పరు.”

“తప్పను,” అని నవ్వబోయి, ఆయన మధ్యలోనే ఆగిపోయారు. ఆవిడ ఆయన విస్తట్లో మరో ముక్క వేశారు. పన్నెండో తరగతి కాకినాడలోనే అని అమ్మాయికి అప్పటికే చెప్పేశారు.

నేను ఇప్పటికీ వ్యాసాలు రాస్తున్నాను, ఇప్పటికీ కోపంగానే రాస్తున్నాను. అయితే పత్రికకు పంపేముందు, ఏం జరిగితే ఈ మాట వెనక్కి తీసుకుంటానని నన్ను నేను అడుగుతాను. జవాబు దొరికితే దాన్నీ వ్యాసంలో రాస్తాను. దొరకనివి పంపను. అలా నా దగ్గరే ఆగిపోయినవి కొన్ని ఉన్నాయి. దేవుడు లేడని రాసినది వాటిలో ఒకటి.