రెండోసారి పిలుపు

కెనడాలోని సర్రీలో మా కాలేజీకి కొత్తగా వచ్చిన అకౌంటింగ్ మేడమ్ మన తెలుగావిడే. హాజరు వేసేటప్పుడు, రానివాళ్ల పేరు రెండుసార్లు పిలిచి తలుపు వైపు చూసేవారు. వేర్‌హౌస్ షిఫ్టు ముగించుకుని నేరుగా క్లాసుకొచ్చే మాకు అది విసుగ్గా ఉండేది.

"టీచింగ్‌లోకి ఎందుకొచ్చారు మేడమ్?" అని ఒకసారి అడిగాను.

"నేనూ ఇక్కడికి స్టూడెంట్‌గానే వచ్చానమ్మా. నా పక్కన కూర్చునే అమ్మాయి మూడు వారాలు క్లాసుకి రాలేదు. ఎవరూ అడగలేదు. షిఫ్టుల గొడవలో పడి నేనూ అడగలేదు. చివరికి చనిపోయిందని తెలిసింది."

అప్పటికే శుభ్రంగా ఉన్న బోర్డుని మళ్లీ తుడిచారు.

మూడో సెమిస్టర్‌లో నేను చదువు మానేసి వేర్‌హౌస్‌లో ఫుల్‌టైమ్ చేరాను. మొదటిరోజే, సరిగ్గా క్లాసు టైముకి, మేడమ్ ఫోన్ చేశారు. ఎత్తలేదు. రెండోసారి మోగింది. సిగ్గేసి ఫోన్ ఆపేశాను.

బతికే ఉన్నానని ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు.