కుడికాలికి దూకిన కట్టు

మా ఆయన ఆస్పత్రిలో పిండికట్లు వేసేవారు. పిల్లలకాయన కట్ల మావయ్య. ఆయన పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆయన మంచితనమే చెబుతున్నారు. నాకేమో ఆ కట్టు సంగతి గుర్తొచ్చి, నలుగురి మధ్యా నవ్వు ఆగక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాను.

ఆ ఏడు వార్డులో ఒక పిల్ల చేరింది. వయసు ఆరేళ్లు, నోరు అరవయ్యేళ్లు. అందరూ పిడుగు అనేవారు. ఎడమ మోకాలు వాచి కుంటుతుంటే, బెణికిందనుకుని వాళ్ల అమ్మమ్మ నూనె రాసి తోమింది. పిల్ల నిద్రలో కెవ్వుమని లేస్తుంటే అప్పుడు తీసుకొచ్చారు. డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, కీలులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. టీబీ అని తేలింది.

"టీబీ అంటే దగ్గు కదమ్మా. మోకాలెక్కడన్నా దగ్గుతుందా?" అంది అమ్మమ్మ.

"దగ్గదు పెద్దమ్మా, వాస్తుంది. నెలల తరబడి మాత్రలు మింగాలి. ముందు మాత్రం కాలు కదలకుండా కట్టు వెయ్యాలి. లేదంటే కీలు వంగినట్టే బిగుసుకుపోతుంది."

పిడుగు కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "ముందు మావయ్యకెయ్యండి. నాది తీసేదాకా ఆయనదీ తియ్యకూడదు."

ముందూ వెనకా చూసుకోవడం మా ఆయనకు పుట్టుకతోనే లేదు. నర్సమ్మ చేత తన ఎడమకాలికి తొడ నుంచి మడమ దాకా వేయించుకున్నారు. పిల్ల నోరు మూసుకుని తనూ వేయించుకుంది.

సాయంత్రమే ఈయన ఆ కట్టును రెండు పక్కలా కోయించి, రెండు డిప్పలు చేయించారు. పుండు కడగాల్సినవాళ్లకు అలాగే చేస్తారట. పొద్దున డిప్పలు పెట్టి పైన బ్యాండేజీ చుట్టుకుంటే ఎవరికీ తెలియదు. ఇంట్లో గంతులు, వార్డులో కుంటుడు. పిడుగు రోజూ ఆ కట్టు మీద తలుపు తట్టినట్టు తట్టేది. "ఉన్నావా?" "ఉన్నాను."

ఒకరోజు నాతో ఏదో వాదిస్తూ డిప్పలు చుట్టుకుని వెళ్లిపోయారు. వార్డులో పిడుగు చెయ్యెత్తి, తట్టకుండా ఆగిపోయింది.

"మావయ్యా, నిన్న ఎడమకాలు కదా?"

ఇంకెవరైనా అయితే నోరు మూసుకునేవారు. ఈయన, "అటు నుంచి ఇటు దూకిందమ్మా" అన్నారు.

పిల్ల గబుక్కున తన కుడి మోకాలు పట్టుకుంది. "నాకూ దూకుతుందా? మాత్రలు మింగినా దూకితే ఇంకెందుకు మింగడం?" అని ఆ రోజు మాత్రలు ఉమ్మేసింది. మర్నాడూ అంతే.

"మీరు వేసిన ముడి, మీరే విప్పండి" అంది డాక్టరమ్మ. మాత్రలు ఆగితే లోపల జబ్బు పురుగు మందుకు లొంగకుండా మొండికేస్తుందని ఆవిడ భయం.

ఆయన పిడుగు మంచం మీద కూర్చుని బ్యాండేజీ విప్పారు. డిప్పలు బఠాణీకాయలా రెండుగా విడిపోయాయి. "నాకు జబ్బే లేదమ్మా. అది దూకదు. నేనే దొంగని."

పిడుగు ఒక డిప్పను తట్టి చూసింది. "అమ్మమ్మా, మావయ్య దొంగంట" అంది తీరిగ్గా. వార్డు వార్డంతా పడీ పడీ నవ్వింది. "అతుకుల్లేనిది వేయించుకో. అప్పుడు మింగుతా."

"మంచి కాలు బిగుసుకుపోతుందయ్యా, వద్దు" అంది డాక్టరమ్మ.

"నా కాలు ముసలిదమ్మా, సర్దుకుంటుంది" అన్నారు ఈయన.

పిడుగు కళ్లెదుటే ఆయన ఎడమకాలికి కట్టు పడింది. ఆఖరి తడి పొర అద్దుతుండగానే పిల్ల నీళ్ల గ్లాసు అడిగి మాత్రలు మింగింది. మా ఆయన ఇంటికొచ్చి గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుంటే, పక్కింటివాళ్లూ నేనూ బీరువాను తిప్పినట్టు తిప్పి లోపలికి తెచ్చాం. స్నానాల గదిలో ఆ కాలు ఎక్కడ పెట్టాలో ఇద్దరికీ తెలిసేది కాదు.

వాపు తగ్గింది. నిద్రలో కేకలు ఆగాయి. మాత్రలు ఇంకా చాలా నెలలు ఉన్నాయి కానీ, కట్టు తీసేయవచ్చు అంది డాక్టరమ్మ. ఇద్దరివీ ఒకే రోజు తీశారు. రెండు ఎడమకాళ్లూ కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. రోజూ వరండాలో గోడ పట్టుకుని ఇద్దరూ నడక నేర్చుకునేవారు.

"మోకాలు వంచు మావయ్యా. నాలాగా."

"వంగితే కదే. ఆగు తల్లీ."

పిడుగు గోడ వదిలేసి ముందుకు వెళ్లిపోయింది.