గ్రేస్ మేడం నాతో చెప్పించిన మాట

నిన్న నాంపల్లి మెట్రో మెట్ల దగ్గర ఒక పెద్దాయన చిటికెడు ముక్కుపొడి పీల్చాడు. ఆ ఘాటు నా దాకా వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. వెనక జనం తోసుకుంటూ పోతున్నారు. నాకు మాత్రం గ్రేస్ మేడం గుర్తుకొచ్చారు.

మెదడు ఆపరేషన్లు నేర్చుకునే రోజుల్లో ఆమె మా యూనిట్‌కు పెద్ద. మెదక్ మనిషి. అబిడ్స్ దగ్గరి మా ఆసుపత్రిలో ఆమెదొక పద్ధతి ఉండేది. ఆపరేషన్‌లో రాగల ప్రమాదాలు మేం చెప్పాక, వాటిని రోగి ఇంటివాళ్లతో తిరిగి చెప్పించాలి. వాళ్లు తడబడితే తిట్లు మాకు. "వాళ్లకు సమజ్ కాలేదంటే నువ్వు చెప్పనట్టే" అనేవారు. వరండాలో అంతమంది ఎదురుచూస్తుంటే చిన్నపిల్లల్లా ఈ అప్పజెప్పించుకోవడం ఏమిటని లోలోపల విసుక్కునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే యాదయ్య అనే రోగి వచ్చాడు. అఫ్జల్‌గంజ్‌లో ఒక కిరాణా దుకాణం గుమాస్తా. మెదడు అడుగున గడ్డ పెరిగి, కంటి నరాలను నొక్కి, చూపు తగ్గిపోతోంది. ఎండోస్కోప్ అనే సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి పంపి ఆ గడ్డ తీయాలి. తల కోయనక్కర్లేదు గనక జనం తేలికే అనుకుంటారు. కానీ గడ్డ తీసిన చోట లోపల వేసిన అతుకు గట్టిపడేదాకా ఒక్క గట్టి తుమ్ము చాలు. అతుకు కదిలి, మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారుతుంది. ఆ దారినే క్రిములు లోపలికి పోతాయి. యాదయ్యకు ముక్కు చీదొద్దని చెప్పాను. బీడీ, సిగరెట్ అలవాటుందా అని అడిగితే లేదన్నాడు. తొందరలో ఉన్నాను, ఆయన భార్య సత్తెమ్మతో తిరిగి చెప్పించలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ముక్కులోని పట్టీలు తీసిన రోజున యాదయ్య గోడ గడియారం చూసి టైము చెప్పాడు. సత్తెమ్మ సంబరపడి, ఆయన అడిగిన ముక్కుపొడి డబ్బీ ఇంటి నుంచి తెచ్చిచ్చింది. వరసగా తుమ్ములు. సాయంత్రం ముక్కు నుంచి నీళ్లు కారితే జలుబనుకుని ఎవరికీ చెప్పలేదు. మర్నాటికి జ్వరం, ఆపైన మగత. అతుకు మళ్లీ వేశాం, మందులు మార్చాం. వారం తిరగకుండానే ఆయన పోయాడు.

'రోగి సూచనలు పాటించలేదు' అని కేసు షీటులో రాశాను. మేడం చదివి తలెత్తారు.

"ముక్కుపొడి సంగతి అడిగినవా?"

"లేదు మేడం. చీదొద్దని చెప్పిన."

"ఆమెతోని మళ్ల చెప్పిచ్చినవా?"

అడ్డంగా తలూపాను.

"నా మొగన్ని నేనే సంపుకున్ననని గాడ తల బాదుకుంటున్నది. పోయి నిజం చెప్పు."

"కేసు పెడితే మేడం?"

"పెడితే పెట్టనియ్. నాంపల్లి కోర్టు ఎంత దూరం? నేను గూడ వస్త. నడువు."

సత్తెమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. మేడం వెళ్లి ఆమె పక్కన నేల మీదే కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. సిగ్గుపడుతూనే చెప్పాను.

"అమ్మా, నీ తప్పు లేదు. అడగాల్సింది నేను అడగలే. చెప్పాల్సింది సక్కగ చెప్పలే."

సత్తెమ్మ తలెత్తి నన్ను చూసింది.

"ఒక్క మాట చెప్తే నేను తేకపోదును గద బిడ్డా" అంది. తల బాదుకోవడం మానేసింది. నన్ను క్షమించానని మాత్రం అనలేదు.

మేడం పోయి చాలా ఏళ్లయింది. కత్తి పట్టడం నాకు ఎందరో నేర్పారు. తప్పు చేశాక నష్టపోయిన మనిషి ముఖం చూసి ఒప్పుకోవడం ఆమె ఒక్కరే నేర్పారు. ఆ తర్వాత నాకు మరో రెండుసార్లు ఆ అవసరం పడింది. రెండుసార్లూ వెళ్లి నేల మీద కూర్చున్నాను.