తీగ లేని కీబోర్డు, టై సార్ మోకాలి నొప్పి

ఆ రోజుల్లో తీగ లేకపోవడమే ఒక హోదా. జేబులో సెల్‌ఫోను ఉన్నవాడు మడివాళ బస్టాపులో మాలాగే గంటసేపు నిలబడినా, మాకంటే కాస్త ముందే ఇల్లు చేరిపోయేవాడిలా కనిపించేవాడు. అలాంటి కాలంలో సింగపూర్ నుంచి సెలవుకు వచ్చిన మా బావ నాకో తీగ లేని కీబోర్డు తెచ్చిచ్చాడు. "బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం కదా నీది, పనికొస్తుంది" అన్నాడు. పొంగిపోయి అందుకున్నానే గానీ, నాకు సొంత కంప్యూటర్ లేదని చెప్పడానికి నోరు రాలేదు. నలుగురం కలిసి ఉంటున్న ఆ గదిలో ఒక ఫ్యానూ ఒక ఇస్త్రీపెట్టే తప్ప కరెంటు వస్తువు మరొకటి లేదు. వారం రోజులు ఆ కీబోర్డును ఒళ్ళో పెట్టుకుని, దేనికీ తగిలించకుండానే టకటకా కొడుతూ కూర్చున్నాను. (గదిలో వాళ్ళు మొదట నవ్వారు, తర్వాత కాస్త భయపడ్డారు.) ఇక లాభం లేదు, దీన్ని ఆఫీసు కంప్యూటర్‌కే తగిలించాలని నిశ్చయించుకున్నాను.

నా ఉద్యోగం అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటల్ని విని టైపు చేయడం. రోగుల రహస్యాలు కాబట్టి మా కంప్యూటర్లకు జైలు కాపలా ఉండేది. ఫ్లాపీ లేదు, సీడీ లేదు, ఇంటర్నెట్ లేదు. వెనకాల ఉన్న యూఎస్‌బీ కన్నాలన్నీ ఎమ్‌సీల్‌తో పూడ్చేసి ఉండేవి. పాస్‌వర్డ్ లేకుండా గడియారంలో టైము కూడా మార్చలేం. ఇదంతా చేసినవాడు మా సిస్టమ్స్ ఇన్‌చార్జి. నడుముకు తాళాల గుత్తి వేలాడేది కాబట్టి మేం బీగాలన్న అనేవాళ్ళం. తాతల నాటి నుంచీ హొసకోటెలో ఉన్న తెలుగువాడు, రోజూ అక్కణ్ణుంచే బస్సులో వచ్చేవాడు. "బయట వస్తువు ఏదీ దీనికి తగిలించొద్దప్పా. తగిలిస్తే ఫస్టు నా ఉద్యోగం పోతాది, ఆమేలె నీది" అని చేరిన మొదటి రోజే చెప్పాడు. నా ఆరు నెలల ప్రొబేషన్ ఆ శుక్రవారంతో ముగుస్తుంది. మా అమ్మ నా ఉద్యోగం ఖాయమైపోయిందని ఒంగోల్లో మా వీధంతా ముందే చెప్పేసింది కాబట్టి, అది ఖాయం కాకపోతే నేను ఆ వీధి మొహం చూసే దారి లేదు. బుద్ధున్నవాడు శుక్రవారం దాకా ఆగుతాడు. నేను మంగళవారమే కీబోర్డును సంచీలో పెట్టుకుని బయల్దేరాను.

గేటు దగ్గర గార్డు సంచీ విప్పాడు. ఫోన్లు, కాగితాలు పట్టుకోవడం అతని పని. కీబోర్డు చూసి, "రిపేరినా?" అన్నాడు కన్నడంలో. "హౌదు" అన్నాను, నాకు వచ్చిన నాలుగు కన్నడ ముక్కల్లో ఒకటి సద్వినియోగం చేసుకుంటూ. లోపలికి వెళ్ళాక నా మేధస్సు మీద నాకే గౌరవం కలిగింది. బీగాలన్న అన్ని కన్నాలూ పూడ్చాడు గానీ, మామూలు కీబోర్డు తగిలించే గుండ్రటి ఊదారంగు కన్నాన్ని పూడ్చలేడు కదా! అది మూస్తే మేం టైపు చేసేదెలా? బావ ఇచ్చిన కీబోర్డు మాటను గాలిలోంచి అందుకునే చిన్న పెట్టె ఒకటి దానితో పాటే వచ్చింది, దాని తీగ సరిగ్గా ఆ కన్నంలోనే పట్టింది. ఏ పాస్‌వర్డూ అడగలేదు. కాళ్ళు బార్లా చాపి, కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని, మోకాలి నొప్పితో బాధపడుతున్న ఎవరో పెద్దాయన ఫైలు మహారాజులా టైపు చేయడం మొదలుపెట్టాను.

పద్నాలుగు బల్లల్లో నాది చివరిది, మేనేజర్ గది గోడకు ఆనుకుని. ఎండాకాలంలో కూడా టై విప్పరు కాబట్టి ఆయన మాకు టై సార్. ఆయనకూ తీగ లేని కీబోర్డు ఉందనీ, అమెరికా క్లయింటు బహుమతిగా ఇచ్చాడనీ, అది నా దానికి అచ్చంగా తోడబుట్టిందనీ నాకు తెలియదు. అంత దగ్గరగా ఉంటే ఒకదాని మాట రెండోదాని పెట్టె కూడా వింటుందని అంతకన్నా తెలియదు. టై సార్ ఆ క్లయింటుకే ఉత్తరం రాస్తున్నారు. రెండు వేళ్ళతో, తల కిందికి వంచి, అక్షరం అక్షరం వెతుక్కుంటూ రాసేవారు. అరగంట తర్వాత తలెత్తి చూస్తే స్క్రీను మీద ఉన్నది తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది: "మా బృందం గత ఆరు నెలలుగా మెట్లు ఎక్కలేకపోతోంది. మీ సహకారంతో వాపు మరింత పెరిగింది. నాణ్యత విషయంలో మేము రోజుకు రెండుసార్లు విరేచనానికి..."

"వైరస్!" అనే కేక గోడ దాటి వచ్చింది. తర్వాత తలుపు బార్లా తెరుచుకుంది. అందరి ముందూ బీగాలన్నను నిలబెట్టి, "అన్నీ లాక్ చేశానన్నావ్! మరి ఇదెలా వచ్చింది? ఈవెనింగ్ లోపల రీజన్ తెలియాలి, లేదంటే రేపట్నించి నువ్వు రానక్కర్లేదు" అన్నారు టై సార్. ఆయన ఆ ఉత్తరం పైకి చదువుతుంటే మోకాలు, మెట్లు అన్న మాటలు వినబడ్డాయి, అది నా ఫైలే. కీబోర్డును బల్ల కిందికి తోసేశాను. బీగాలన్న తలుపు పక్కనే ఉన్న నా బల్లను దాటుకుని, అవతలి చివరి నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో కంప్యూటర్ వెనక మోకాళ్ళ మీద వంగి, ప్రతి తీగా లాగి చూసి, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, తర్వాతి బల్లకు వెళ్ళేవాడు. ఎంత నెమ్మదిగా అంటే, నాకు శుక్రవారమూ మా వీధీ మా అమ్మ మొహమూ ఒకటికి పదిసార్లు గుర్తొచ్చేంత నెమ్మదిగా. పదో బల్ల దగ్గర ఆయన నడుము పట్టుకుని లేవడం చూశాను. అప్పుడైనా లేవాల్సింది, లేవలేదు. పదమూడో బల్ల దగ్గర వంగినప్పుడు మాత్రం సిగ్గు భయాన్ని దాటిపోయింది. లేచి, "అన్నా, అది నేనే" అన్నాను.

ఆయన లేవకుండానే తల తిప్పి చూశాడు. "తెలుసప్పా. మోకాలి ఫైలు ఈ పొద్దు నీకే కదా ఇచ్చుండేది, లిస్టులోనే ఉండాది."

"మరి అన్ని బల్లలూ ఎందుకు వెతికారు?"

"నువ్వే చెప్తావేమో అని చూస్తా ఉంటి. శాన టైము తీసుకుంటివప్పా" అన్నాడు, మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ.

టై సార్ గదిలోకి ఇద్దరం కలిసే వెళ్ళాం. "తానే చెప్పినాడు సార్, ఉండనీండి" అన్నది బీగాలన్నే. నా ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. (అమ్మకు మాత్రం అమెరికా వాళ్ళ సెలవుల వల్ల ఉద్యోగం ఖాయం చేసే ఉత్తరం ఆలస్యమైందని చెప్పాను.) బయటికి వస్తూ బీగాలన్న టై సార్ కీబోర్డు కూడా చంకన పెట్టుకున్నాడు. "రూలు అందరికీ ఒకటే ఉండాది సార్" అన్నాడు. నా కీబోర్డు ఇనప బీరువాలోకి వెళ్ళి, నేను ఉద్యోగం మానిన రోజున తిరిగి వచ్చింది. కారిపోకుండా లోపలి సెల్లులు తీసి కాగితంలో విడిగా చుట్టి ఉంచాడు.

ఇప్పుడు ఇంకో ఆఫీసులో తాళాలు నా దగ్గరే ఉంటున్నాయి, నడుముకు కాదు గానీ కంప్యూటర్లో. మొన్న ఎవరో వైర్‌లెస్ వస్తువు తగిలించారని నా స్క్రీను మీద సీటు నంబరుతో సహా పడింది. కొత్తగా చేరిన అమ్మాయి సీటు అది. నేను లేచి, ఆ అమ్మాయికి అన్నింటికంటే దూరంగా ఉన్న బల్ల దగ్గర మొదలుపెట్టాను. ఈ వయసులో మోకాళ్ళ మీద వంగితే తెలుస్తోంది, బీగాలన్న నా కోసం ఎంత కష్టపడ్డాడో. నాలుగో బల్ల దగ్గరికి రాకముందే ఆ అమ్మాయి లేచి నిలబడింది. నేనైతే పదమూడు బల్లల దాకా కూర్చున్నాను.