ముల్లు ఎదుట కుర్చీ

మా మేనమామ పోయిన కబురు నాకు నాలుగు గంటలు ఆలస్యంగా అందింది. రాజపాళయంలో తన ఇంట్లో పొద్దున కాఫీ తాగి, పేపరు ఒళ్ళో పెట్టుకుని, వాలుకుర్చీలోనే వెళ్ళిపోయాడట. ఆ సమయానికి నేను అక్కడికి ఐదు గంటల బస్సు ప్రయాణం దూరంలో, సీమతుమ్మ చెట్ల మధ్య ఒక గ్యాస్ బావి పక్కన మడతకుర్చీ వేసుకుని ప్రెషర్ గేజు ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాను. బావి దగ్గరికి ఫోను తీసుకుపోకూడదు, గేటు దగ్గర ఇచ్చి వెళ్ళాలి. మధ్యాహ్నం పని ముగించి బయటికొచ్చి చూస్తే అమ్మ ఫోన్లు పదకొండు. తిరిగి చేస్తే "మామ పోయినాడు రా" అని చెప్పింది. ఎందుకు ఎత్తలేదని అడగలేదు. బస్సులో కూర్చున్నాక ఏడుపు వచ్చింది, దాంతోపాటే కొంచెం నవ్వూ వచ్చింది. పని సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చి ఉంటే, పోయినవాడు లేచి కూర్చుని మరీ నన్ను తిట్టేవాడు.

వాళ్ళ వీధిలో అందరికీ ఆయన 'గ్యాస్ ఆఫీసరు'. వంటగ్యాస్ ఏజెన్సీ మనిషి అనుకుని సిలిండరు రాలేదని ఆయన దగ్గర మొరపెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన విసుక్కోకుండా విని, ఏజెన్సీకి తనే ఫోను చేసేవాడు. నిజానికి ఆయన పని నేలకింద ఉండేది. మిల్లులో బాయిలర్ దగ్గర ఫిట్టరుగా మొదలై, సాయంత్రం క్లాసుల్లో డిప్లొమా చదివి, గ్యాస్ బావుల భద్రత చూసే సర్కారు ఆఫీసులో చేరాడు. చివరి పదేళ్ళూ ఆయన తలలో ఒకటే విషయం ఉండేది, గ్యాస్ దాచే బావులు.

అదేమిటో ఆయన నాకు చెప్పినట్టే చెబుతాను. ఏళ్ళ తరబడి గ్యాస్ తీసి తీసి ఒక బావి ఖాళీ అవుతుంది. కింద, చాలా లోతున, గ్యాస్ ఉన్న ఇసుకరాతి పొర మాత్రం అలాగే ఉంటుంది. వేరే చోటి నుంచి తెచ్చిన గ్యాస్‌ను అదే బావిలోంచి లోపలికి నెట్టి దాచుకోవచ్చు, అవసరమైనప్పుడు మళ్ళీ తీసుకోవచ్చు. వినడానికి గాదెలో ధాన్యం పోసినట్టే ఉంటుంది. కానీ ఆ బావిలోని ఇనుప గొట్టాలు పాతవి. ఒకప్పుడు గ్యాస్ పైకి రావడమే వాటికి తెలుసు, ఇప్పుడు ఏడాదికి ఎన్నోసార్లు నింపుతారు, తీస్తారు. అందుకే లోపల ఒక గొట్టం, దాని చుట్టూ ఇంకో గొట్టం. రెండింటి మధ్య ఖాళీకి పైన ఒక గేజు ఉంటుంది. ఆ గేజు ముల్లు సున్నా మీద ఉండాలి. లేచిందంటే లోపలి గొట్టం కారుతోందని అర్థం, ఇక ఊరికీ ఆ గ్యాస్‌కీ మధ్య మిగిలింది బయటి గొట్టం ఒక్కటే.

"రెండు ఉండేది ఒకటి పోతే ఇంకొకటి ఉండేదానికి. ఒకటి పోయినాక కూడా రెండు ఉండాయని రాసేవాడు దొంగ" అనేవాడు మామ.

ఇంత పెద్ద బావుల మనిషి ఇంట్లో సిలిండరును కూడా వదిలేవాడు కాదు. గడ్డం గీసుకునే బ్రష్షు ఒకటి పాతది ఎప్పుడూ సంచీలో ఉండేది. ఏ పెళ్ళికి పోయినా ముందు వంటశాలలోకి వెళ్ళి, సబ్బు నురుగు కలిపి, రెగ్యులేటరు చుట్టూ, ట్యూబు మొదట్లో, గంధం పూసినంత జాగ్రత్తగా పూసేవాడు. పూసి వెళ్ళిపోతే ఎవరూ ఏమీ అనుకోరు. ఐదు నిమిషాలు అక్కడే నిలబడి బుడగ వస్తుందేమో చూసేవాడు. వంటమాస్టర్లు గరిటెలు పట్టుకుని పళ్ళు కొరుక్కునేవాళ్ళు. ఒకసారి మా బంధువుల పెళ్ళిలో ఇడ్లీలు ఆలస్యమై మగపెళ్ళివారు అలిగారు కూడా. అత్తయితే, ఈ మనిషితో పెళ్ళిళ్ళకు పోవడం కంటే ఇంట్లో పస్తుండటం మేలని అందరి ముందూ అనేది.

ఒకసారి తళవాయిపురం వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాం, మామా నేనూ. మామ రెండుసార్లు గాలి పీల్చి, బండి ఆపించి, మండుటెండలో అందరినీ దింపేశాడు. పూలబుట్టతో ఉన్న ఒకావిడ ఆయన్ని తమిళంలో శాపనార్థాలు పెట్టింది, డ్రైవరు ఆవిడకంటే గట్టిగా అరిచాడు. మామ నేల మీద మోకాళ్ళూని, గ్యాస్ ట్యాంకు బిగింపుకు నురుగు పూశాడు. మిరియపు గింజంత బుడగ ఒకటి లేచింది, పగిలింది, మళ్ళీ లేచింది. డ్రైవరు అరవడం మానేశాడు. ఎవరి దగ్గరా చార్జీ తీసుకోకుండా బండిని తోసుకుంటూ వెళ్ళాడు.

ఇక నా సంగతి. ఇది చెప్పకుండా ఆయన గురించి రాస్తే సగం దాచినట్టే.

అప్పట్లో నేను కొత్తగా డిప్లొమా చేసి, గ్యాస్ దాచడానికి ప్రయోగంగా నడుపుతున్న బావుల దగ్గర కాంట్రాక్టరు కింద ఆపరేటరుగా చేరాను. నాన్న లేడు. నా జీతంతోనే ఇల్లు నడిచేది. మా దగ్గర ఒక అలవాటు ఉండేది. ఇన్‌స్పెక్షన్ అంటే ముందురోజు ముళ్ళకంపలు కొట్టి, వాల్వులకు రంగు వేసి, దారికి రెండు వైపులా సున్నం చల్లేవాళ్ళం. పొద్దున ఆఫీసరు వచ్చే ముందు, బయటి గొట్టం మీదున్న చిన్న కుళాయి తిప్పి, మధ్య ఖాళీలో చేరిన గ్యాస్ వదిలేసేవాళ్ళం. ముల్లు సున్నాకు వచ్చేది. దాన్ని మోసమని మాలో ఎవరూ అనుకోలేదు. చుట్టాలొస్తుంటే వాకిలి ఊడ్చినట్టే అనుకునేవాళ్ళం. పైగా ఆ రోజు వస్తున్నది నా సొంత మామ. ఆయన చూడబోయే బావికి నన్ను మార్చి వారమే అయింది, నేనక్కడ ఉన్నానని ఆయనకు తెలియదు. చూసి సంతోషిస్తాడని ఒకటికి రెండుసార్లు కుళాయి తిప్పాను.

జీపు దిగి నన్ను చూశాడు. పలకరించే ముందు నోటుపుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. తర్వాత సంచీలోంచి మా ఊళ్ళో ఆసుపత్రుల కోసం నేసే కట్టుగుడ్డ ముక్క తీసి గేజు అద్దం తుడిచాడు. ముల్లు సున్నా మీద ఉంది. సూపర్‌వైజరు సంతకం కాగితం ఒక చేత్తో, ఎళనీరు బోండాం ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మామ ఎళనీరు మాత్రం తీసుకున్నాడు. జీపులోంచి మడతకుర్చీ తెప్పించి గేజు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

పది గంటలైంది. పన్నెండైంది. నిమ్మకాయ అన్నం డబ్బా తెరిచి అక్కడే తిన్నాడు. సూపర్‌వైజరు నాలుగుసార్లు వచ్చి, ఎండగా ఉంది లోపల ఫ్యాను కింద కూర్చోండి అన్నాడు. "ఏమీ అవసరం లేదు" అన్నాడు మామ. మా ఊళ్ళో అవసరమంటే తొందర. రెండు గంటలప్పుడు ముల్లు కదిలింది. నాలుగింటికి సున్నాకు అరచేయి దూరం ఎడమైనట్టు నాకనిపించింది, నిజానికి రెండు గీతలే.

"పొద్దున కుళాయి తెరిచినది ఎవురు?" అన్నాడు ముల్లు మీంచి చూపు తీయకుండా.

సూపర్‌వైజరు చెట్ల వైపు చూశాడు. నేను ముందుకొచ్చాను. "నేనే మామా. నువ్వు వస్తా ఉండావని."

"నేను వస్తా ఉండానని ముల్లును దించినావు. లోపల ఉండే బొక్కను ఎవురు మూసినారు రా?"

రిపోర్టులో అంతా రాశాడు. కుళాయి తెరిచినవాడిగా నా పేరు రాశాడు, వాడు తన చెల్లెలి కొడుకు కాబట్టి మిగతా విచారణ వేరే ఆఫీసరుకు ఇవ్వండని కూడా రాశాడు. బావి ఆపేశారు. కాంట్రాక్టరు అందరికంటే ముందు నన్ను తీసేశాడు. నాకు అప్పుడు ఆయనంటే ఒళ్ళు మండిపోయింది. ఆ మాట దాచుకోవడం ఎందుకు?

అమ్మ టౌన్ బస్సెక్కి ఆయన ఇంటికి వెళ్ళింది, వెంట నేనూ వెళ్ళాను. గడప దాటలేదు. "చెల్లెలి కొడుకు పేరు రాసేదానికి నీకు చెయ్యి ఎట్లా వచ్చినాది అన్నా?" అని అడిగింది.

మామ గడప దగ్గరికి వచ్చాడు. "రాయకుంటే వాడు మళ్ళా తెరుస్తాడమ్మా. ఆ గొట్టం పోయే పొద్దు అందరికంటే దగ్గరగా ఉండేది వాడే."

అమ్మ అత్త ఇచ్చిన కాఫీ ముట్టుకోకుండా వచ్చేసింది. రెండేళ్ళు అన్నతో మాట్లాడలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే అత్తతో మాట్లాడుతూ పక్కకు తిరిగేది. ఆయన మాత్రం ఆమె ఉన్న పెళ్ళిలో కూడా నురుగు పూసి ఐదు నిమిషాలు నిలబడేవాడు.

కొన్నాళ్ళకు ఆ బావి లోపలి గొట్టం బయటికి లాగారు. పని లేక ఇంట్లో ఉన్న నన్ను మామ వెంటబెట్టుకుని తీసుకుపోయాడు. వరసగా పరిచిన గొట్టాల్లో ఒకదాని దగ్గర ఆగి, తుప్పు తిన్న గుంటలో వేలు పెట్టి చూడమన్నాడు. నా చూపుడువేలి కొన లోపలికి దిగింది, గుంట అడుగున సూదిమొనంత బొక్క కనిపించింది. బయటి గొట్టం కూడా తుప్పు పట్టి పలచబడిందని అక్కడివాళ్ళు చెప్పారు. రోజూ నేను టిఫిను తిన్న చోటు ఆ బావికి ఇరవై అడుగులు ఉండదు. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. మామ పక్కన కూర్చుని, తన గురించి ఎన్నడూ చెప్పనిది చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బావి దగ్గర సున్నా చూసి పది నిమిషాల్లో సంతకం పెట్టి వచ్చాడట. వారం తిరక్కుండా, కారిన గ్యాస్ అంటుకుని అక్కడి కాపలాదారు చేతులు కాలాయి. ఆసుపత్రికి చూడబోతే ఆ చేతులకు చుట్టింది మా ఊరి కట్టుగుడ్డే. ఆయన సంచీలో కట్టుగుడ్డ ఎందుకుంటుందో నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. పరీక్షలు రాయించాడు. ఈ రోజు నేను బావులు పరీక్షించే ఉద్యోగంలో ఉన్నానంటే ఆ ఆదివారాల వల్లే. గ్యాస్ దాచే బావులకు నియమాలు రాసేటప్పుడు ఆయన్నీ పిలిచారు. లావుపాటి ముసాయిదాలో ఆయన పట్టుబట్టి చేర్పించింది ఒకే ఒక్క వాక్యం. కుళాయికి సీలు వేసి, ఒక పగలూ ఒక రాత్రీ ఆగి, ఆ తర్వాతే ముల్లు చదవాలి. అంతసేపు బావి ఆగితే నష్టమని ఎంతమంది చెప్పినా ఆయన వినలేదట.

"రూలు అంటే ఎవురో చేసిన తప్పు రా. పేరు మాత్రం తీసేస్తారు" అన్నాడు నాకు ఆ కాగితం చూపిస్తూ. నాకు సిగ్గేసింది, గర్వంగానూ అనిపించింది.

అన్నాచెల్లెళ్ళ మాటలు కలిసింది కూడా గ్యాస్ వల్లే. ఒక పొద్దున మా వంటింట్లో వాసన వచ్చింది. నేను ఊళ్ళో లేను. అమ్మకు తోచిన మనిషి ఒక్కడే. ఆయన బ్రష్షు పట్టుకుని టౌన్ బస్సులో వచ్చాడు, వాషరు మార్చాడు, ఐదు నిమిషాలు నిలబడ్డాడు. అమ్మ కాఫీ ఇచ్చింది.

మొన్న పదహారో రోజు కార్యానికి మామ ఇంటి పెరట్లో వంట పెట్టారు. వంటమాస్టరు పాతవాడే, మామ చేతిలో ఎన్నో పెళ్ళిళ్ళలో విసిగినవాడు. కొత్త సిలిండరు తగిలించి లైటరు తీశాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ ఇంట్లోంచి వచ్చింది. ఒక చేతిలో నురుగు గిన్నె, ఇంకో చేతిలో ఆ పాత బ్రష్షు.

"కొంచెం ఉండప్పా" అంది.

వంగలేక నేల మీద కూర్చుని, రెగ్యులేటరు చుట్టూ, ట్యూబు మొదట్లో, ఆయన పూసినట్టే పూసింది. పూసి లేవలేదు. వంటమాస్టరు లైటరు జేబులో పెట్టుకుని ఆమె పక్కనే గొంతుక్కూర్చున్నాడు. నేను వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాను, కాసేపటికి అత్త కూడా వచ్చింది. లోపల బంధువులు ఆకలితో ఉన్నారు. పెరట్లో మేము నలుగురం, ఇత్తడి మీద తెల్లగా ఆగిన ఆ నురుగు వైపు చూస్తూ ఉన్నాం.