తిన్న ఆకు ఎవరు ఎత్తాలి

తిన్న ఆకు తిన్నవాడు ఎత్తకూడదు. అక్షరాలకన్నా ముందు మా ఇంట్లో నాకు నేర్పిన సంగతి ఇది. వచ్చినవాళ్ల చేత ఎంగిలాకు ఎత్తిస్తే పెట్టిన అన్నం పెట్టనట్టే అనేది మా అవ్వ. ఆత్మకూరులో మా భోజనాల సావిట్లో ఒకప్పుడు పూటకు రెండు పంక్తులు లేచేవట. నాకు ఊహ తెలిసేసరికి పొలాలు పోయాయి, ఎడ్లు పోయాయి, సగం ఇంట్లో వేరేవాళ్లు కాపురముంటున్నారు. సావిడి మాత్రం మిగిలింది. దాంతోపాటు ఈ పద్ధతీ మిగిలింది. పోయినవాటిని తలచుకుని మామీద జాలిపడేవాళ్లంటే నాకు అప్పుడూ గిట్టదు, ఇప్పుడూ గిట్టదు.

డెబ్బైల చివర్లో ఉదయగిరి సాయిబు ఒకాయన నన్ను కేరళకు తోడు రమ్మన్నాడు. కొండ కట్టెతో గరిటెలు, చెంచాలు చెక్కడం వాళ్ల ఇంటి పని. చెంచా కాడ మీద తీగలూ చేపలూ తీర్చేవాడు. అక్కడి వ్యాపారి ఒకాయన సరుకు తెచ్చి చూపించమని ఇంగ్లీషులో జాబు రాశాడు. ఆ బేరం కుదిరితే సాయిబు ఇద్దరు కొడుకులూ ఉలి వదలకుండా ఇంటిపట్టున ఉంటారు. కుదరకపోతే లారీల మీద పోతారు. నాకు ఇంగ్లీషు వచ్చు. మద్రాసులో చదివాను గనక అరవమూ వచ్చు. కూలికి రాను, తోడుగా అయితే వస్తానన్నాను.

"నిన్ను కూలికి పిలిచేంత మొనగాణ్ణా చిన్నయ్యా," అన్నాడు సాయిబు. మా నాయన ఆయనకు పెద్దయ్య. అందుకని నేను చిన్నయ్యను. వయసులో మాత్రం ఆయనే నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద.

రైలు దిగినప్పటినుంచీ నాకు ఏదీ నచ్చలేదు. దాహమంటే ఏదో చెక్క వేసి కాచిన ఎర్రటి వేడినీళ్లు ఇచ్చారు. అన్నం మెతుకు ఎర్రగా, చిక్కుడు గింజంత ఉంది. నెల్లూరి మొలకొలుకుల సన్నబియ్యం తిన్న నోటికి అది అన్నమని చెప్పడానికి ఎవరికైనా ధైర్యం కావాలి. మోకాళ్లపైకి మడిచి కట్టుకున్న పంచెను, పెద్దవాళ్లు ఎదురైతే అందరూ చప్పున కిందికి వదిలేవారు. ఆ ఒక్కటీ బాగుందనిపించింది.

వ్యాపారికి మా సరుకు నచ్చింది. చెంచాను వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూశాడు. మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. వరండాలో మా ముగ్గురికీ అరిటాకులు వేశారు. వడ్డించింది ఆయన తల్లి. ఆ ఇంట్లో మాట ఆమెదేనని ఆమె నడకలోనే తెలిసింది. తినడం అయ్యాక వ్యాపారి తన ఆకు మడిచి, చేత్తో పట్టుకుని పెరట్లోకి నడిచాడు. సాయిబు కూడా తన ఆకు ఎత్తుకుని వెనకే పోయాడు. నేను ఊరికే లేచి చెయ్యి కడుక్కున్నాను.

ఆమె నా ఆకు వైపు చూసి, "మరిచిపోయావా?" అని నాకు అర్థమయ్యేలా అరవంలో అడిగింది.

"మరిచిపోలేదమ్మా. మా వైపు తిన్నవాడు ఎత్తడు."

"మరి ఎవరు ఎత్తుతారు?"

"పెట్టినవాళ్లు."

"ఇక్కడ నా కొడుకు ఆకు కూడా నేను ఎత్తను," అందామె. కోపంగా అనలేదు. వాన పడుతుందని చెప్పినట్టు అంది.

"మీ కొడుకు మీ ఇంటివాడు. నేను మీ ఇంటికి వచ్చినవాణ్ణి," అన్నాను.

ఇంతలో కాకి ఒకటి దిగి, ఆకు అంచు పట్టి లాగింది. అలికిన వరండా అంతా పులుసు పాకింది. సాయిబు వచ్చి వంగి, నా ఎంగిలాకు ఎత్తుకుని పోయి పెరట్లో పడేసి వచ్చాడు. తర్వాత నీళ్లడిగి నేల కూడా తుడిచాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

"ఆలోచించి జాబు రాస్తాను," అన్నాడు వ్యాపారి.

రైలు ఎక్కాక సాయిబు అడిగాడు. "ఆకు బరువెంత ఉంటాది చిన్నయ్యా? నా చెంచా అంత కూడా ఉండదే."

"నిన్నెవరు ఎత్తమన్నారు?"

"నా కొడుకులు ఎత్తమన్నారు. వాళ్లకు లారీ కంటే ఉలి మేలని ఎత్తినాను. నీ పరువు నీది, గిరాకీ నాది. రెండూ ఒకే సంచిలో వేసుకోని వచ్చినామే, అదీ తప్పు."

నేను ఎత్తి ఉండాల్సిందని ఆరోజు ఒప్పుకోలేదు. ఈరోజూ ఒప్పుకోను. కానీ ఆయన చేత ఎత్తించుకున్నానే, అది నిద్రలో కూడా గుచ్చుకునేది.

నాలుగు నెలలు జాబు రాలేదు. సాయిబు పెద్దకొడుకు ఒక లారీ ఓనరుతో మాట్లాడుకున్నాడని తెలిసింది. అలాంటప్పుడు ఒక పగటిపూట ఆ వ్యాపారే మా గుమ్మంలో దిగాడు. పక్కన సాయిబు.

"కట్టె ఎక్కడ కొడతామో, ఎట్ట చెక్కతామో కళ్లారా చూస్తాడంట. ఉదయగిరి బస్సుకు ఇంకా టైముండాది. భోజనం నీ ఇంట్లోనే అని చెప్పినాను," అన్నాడు సాయిబు. కావాలనే తెచ్చాడని ఆయన కళ్లే చెప్పాయి.

అమ్మ సన్నబియ్యం వండి, గోంగూర, పప్పు, పెరుగు పెట్టింది. మా ఇంట్లో సాయిబుకు ఎప్పుడూ వసారాలోనే ఆకు వేసేవాళ్లు. ఆరోజు సావిట్లో ఆయనకూ, వ్యాపారికీ పక్కపక్కన నేనే వేశాను. అమ్మ చూసి, అన్నం గిన్నె అక్కడికే తెచ్చింది. నెయ్యి నేనే వడ్డించాను. ఇంటివాడు తర్వాత తినాలి.

తినడం కాగానే వ్యాపారి అలవాటుగా ఆకు మడిచి చేతిలోకి తీసుకున్నాడు.

"దాన్ని కింద పెట్టమనరా," అంది అమ్మ నాతో. "మన సావిట్లో అట్టాంటి పని ఇంతవరకూ ఎవురూ చేయలా."

నేను అరవంలో చెప్పాను. ఆయన ఆకు కింద పెట్టాడు గానీ లేవలేదు. ఇల్లంతా ఒకసారి కలియజూశాడు. పనిమనిషి లేదని తెలిసిపోయింది.

"మరి ఎవరు ఎత్తుతారు?" అన్నాడు. అచ్చం వాళ్లమ్మ గొంతే.

అమ్మ కొంగు దోపుకుని ముందుకు వచ్చింది. కొన్నేళ్లుగా ఆమే ఎత్తుతోంది. బయటివాళ్లు పోయాక, తలుపు వేసి. నాకు తెలియదనుకునేది. నేను ఆమె చెయ్యి పట్టి ఆపాను.

మా వంశంలో మగవాళ్లు ఎవరూ ఆకు ఎత్తినట్టు నేను వినలేదు. వంగి ముందు సాయిబు ఆకు ఎత్తాను. తర్వాత వ్యాపారిది. రెండూ మడిచి పెరట్లో పడేసి వచ్చి, వాళ్ల చేతుల మీద నేనే నీళ్లు పోశాను.

"చిన్నయ్యా, నడుము పట్టేసిందా?" అన్నాడు సాయిబు మెల్లగా.

"నోరు మూసుకోని చెయ్యి కడుక్కో," అన్నాను. ఆయన నవ్వాడు గానీ చెయ్యి చాలాసేపు కడుక్కున్నాడు.

నేను మారానని ఊళ్లో కొందరన్నారు. నేనేమీ మారలేదు. అక్కడ అతిథిని, ఎత్తలేదు. ఇక్కడ ఇంటివాణ్ణి, ఎత్తాను. రెండుచోట్లా పద్ధతి ఒకటే. పనివాళ్లున్న రోజుల్లో అది సులువు, లేని రోజుల్లో కష్టం, అంతే తేడా.

పదిహేను రోజులకు జాబు వచ్చింది. ఏడాది పొడుగునా సరుకు కావాలన్నాడు. చివర్లో ఇంకో రెండు వరుసలు రాశాడు. ఇక్కడ జరిగింది తల్లికి చెప్పాడట. ఈసారి వస్తే నా ఆకు అలాగే వదిలి లేవమంది, తానే ఎత్తుతుందట.

"అంత ముసిలామె చేత ఎత్తిస్తావా?" అన్నాడు సాయిబు.

"ఆమె పెడుతుంది, ఆమె ఎత్తుతుంది. వద్దనడానికి నేనెవణ్ణి?"

"మంకుపట్టంటే నీదే చిన్నయ్యా."

మరుసటేడు సరుకు మూటలతో మళ్లీ పోయాం. మూటలు మోసింది సాయిబు పెద్దకొడుకు. ఆ ఎర్రన్నమే తిన్నాను. ఆకు వదిలి లేచాను. ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా వంగి ఎత్తింది. నేను అడ్డుపడలేదు. ఆమె పెరట్లోకి పోయి వచ్చేంతవరకూ కూర్చోలేదు. పంచె కిందికి వదిలి, నిలబడే ఉన్నాను.