మనవరాలు వకీలు చదువుతనన్నప్పుడు

"నల్లకోటు ఏస్కొని కోర్టు కాడ చెట్ల కింద నిలబడ్తవా? డిగ్రీ చదివింది గిందుకేనా?"

"నిలబడ్త నానమ్మా. నిలబడకుంటే కేసులెట్లొస్తయి?"

"అశోక్‌నగర్ల చూడు, ఊర్లకెల్లి వచ్చిన పిల్లలు సర్కారు కొలువుకు ఎట్ల చదువుతున్నరో."

"వాళ్లు చదువుతరని నేను చదవాల్నా? నాకు వకీలే కావాలె."

నా మనవరాలు ఊకునే రకం కాదు. ఇంటి ఖర్చు నా చేతి మీద నడిచేది గనుక కొడుకూ కోడలూ మధ్యల రాలేదు. నారాయణగూడ దిక్కున్న లా కాలేజీల దరఖాస్తులు తీసుకునుడు రేపటితోటి బంద్. నేను ఊ అంటేనే పిల్ల పోతది. కందిపప్పు కొన్నా ఒక బద్ద పండ్ల కింద ఏసి కొరికి చూసేదాన్ని, గింత చదువును చూడకుండ ఎట్ల ఒప్పుకుంట?

సాయంత్రం ఎవ్వరికీ చెప్పకుండ చిక్కడపల్లిల ఒక వకీలమ్మ ఇంటికి పోయిన. ముందటి అర్రే ఆమె ఆఫీసు. కేసులకు వచ్చినోళ్లతోటి నేనూ బల్ల మీద కూసున్న. గుమాస్తా వచ్చి, కేసేంది పెద్దమ్మా, కాయితాలు తెచ్చినవా అని అడిగిండు.

"మా మనవరాలు చెప్పిన మాట ఇంటలేదు."

"దానికి సెక్షన్ లేదు పెద్దమ్మా," అన్నడు. అయినా కూసోబెట్టిండు.

నాకంటె ముందు పాలమూరు నుంచి వచ్చి తట్టలు మోసే ఒకామె ఉండె. కడుతున్న బిల్డింగు మీదికెల్లి పడి పెనిమిటి కాలు పోయిందట. వకీలమ్మ రాసిన కాయితమంత ఆమెకు తెలుగుల చదివి వినిపించింది. ఏం రాసినమో ఆమె నోటితోటే తిరిగి చెప్పించింది. గప్పుడు వేలిముద్ర పెట్టించుకున్నది. నేను రెండో తరగతిలనే బడి మానిన. సంతకం పెట్టమన్న కాడల్ల పెట్టిన గని, ఎవ్వరూ నాకు గట్ల చదివి చెప్పలే.

నా వంతు వచ్చినంక, ఈ చదువుతోటి కడుపు నిండుతదా అని అడిగిన. ఆమె తియ్యటి మాటలేం చెప్పలే. మొదట్ల సీనియర్ కాడ ఫైళ్లు మోసుడేనట, చేతికేం రాదట. ఓపిక పడితే పేరొస్తదట. ప్రాక్టీసు వద్దంటే బ్యాంకుల్ల లా చదివినోళ్లను తీసుకుంటరట, జడ్జి పరీక్ష కూడ రాయొచ్చట. ఇంటోళ్లు ఆపుతేనే ఆడపిల్లలు మధ్యల మానుతరన్నది.

"కొన్నేండ్లు సాకుతరా అమ్మా? ఈ మాట పిల్లను కాదు, మిమ్మల్నే అడగాలె."

ఫీజు తీసుకోలే, చాయ్ పోసి పంపింది. ఆ తల్లి ఎక్కడున్నా సల్లగుండాలె. ఉన్నదున్నట్టు చెప్పింది గనుకనే నమ్మిన. ఎదురు మాట్లాడిన నా మనవరాలికి కూడ మొక్కాలె. అది ఊకుంటే నేను ఆ గడప తొక్కేదాన్నే కాదు.

ఇంటికొచ్చి, "సాకుత. మధ్యల ఇడిసిపెడితే మాత్రం ఊకోను," అన్న. పిల్ల వచ్చి నా కాళ్ల కాడ కూసున్నది.

తెల్లారి వంట జల్ది చేసి ఇద్దరం నారాయణగూడకు నడుచుకుంట పోయినం. కాలేజీ కిటికీ కాడ లైను పెద్దగుండె. పొద్దు నెత్తి మీదికి వచ్చినంక దరఖాస్తు తీసుకున్నరు.